సున్నమని చెప్పిన డబ్బాలు

ఆ మధ్యాహ్నం ఫైర్ ఆఫీసరు నన్ను అడిగింది చిన్న ప్రశ్న. "లోపల ఏమున్నది?" అన్నాడు. నేను "గడ్డి" అన్నాను. గడ్డి ఉన్నమాట నిజమే. గడ్డి వెనక ఏముందో మాత్రం చెప్పలేదు. గాభరాలో నోట మాట రాలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నోట మాట వచ్చింది. వచ్చిన ఆ ఒక్క మాటా మోసపు మాట.

డెబ్బైల నడిమి రోజులవి. బొంబాయి రోడ్డు మీద, మదీనాగూడ దగ్గర, ఒక వెల్డింగు షెడ్డులో నేను గోడౌన్ చూసుకునే గుమాస్తాని. ఇప్పుడు అక్కడ బట్టల దుకాణాలూ, అపార్ట్‌మెంట్లూ వచ్చి ఆ చోటు నాకే ఆనవాలు దొరకదు. అప్పుడు రోడ్డుకి ఒక పక్క మా షెడ్డు, దాని వెనక జొన్నచేలు, చేల మధ్య ఐదారు ఇళ్లు. అంతకు మించి ఏమీ లేదు. సాయంత్రం బస్సు తప్పిపోతే సనత్‌నగర్ దాకా నడవాల్సిందే.

మా షెడ్డులో నీళ్ల ట్యాంకులూ ఇనుప గేట్లూ చేసేవాళ్లు. గ్యాస్ వెల్డింగుకి కార్బైడు కావాలి. చూడటానికి బూడిదరంగు కంకర రాళ్లలా ఉంటుంది. మూతలు బిగించిన ఇనుప డబ్బాల్లో వస్తుంది. నీళ్లు తగిలాయంటే బుసబుసా పొంగి గ్యాస్ వదులుతుంది. ఆ గ్యాస్‌కి నిప్పు తగిలితే ఇనుము కూడా కరుగుతుంది. గ్యాస్ పోయాక మిగిలేది తెల్లటి సున్నపు ముద్ద. దాన్ని షెడ్డు వెనక గుంటలో పారబోసేవాళ్లం. పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు తట్టలతో ఎత్తుకుపోయి గోడలకు పూసుకునేవారు. ఆ ఐదారు ఇళ్లూ మా గుంట సున్నంతోనే తెల్లగా ఉండేవి.

మా యజమాని కార్బైడు వాడటమే కాదు, అమ్మేవాడు కూడా. బాలానగర్ నుంచి పటాన్‌చెరు దాకా చిన్నచిన్న వెల్డింగు దుకాణాలకు లారీలో నేనే వెళ్లి డబ్బాలు దింపి వచ్చేవాణ్ణి. మాకు పర్మిషన్ ఉన్నది కొన్ని డబ్బాలకే. షెడ్డులో ఉండేవి దానికి ఎన్నో రెట్లు. ఎంత సరుకు ఉంది, ఎక్కడ ఉంది అనేది ఫైర్ స్టేషన్‌కి చెప్పాలన్నది రూలు. కానీ ఆ రోడ్డు మీద ఎవరూ ఉన్నది ఉన్నట్టు చెప్పేవారు కాదు. వాళ్లు చూడటానికి వస్తారని ముందురోజే కబురు అందేది. కబురు అందగానే ఎక్కువైన సరుకు ఊళ్లోకి వెళ్లిపోయేది. ఒకరిది పిండిగిర్నీలోకి, ఒకరిది తోడల్లుడి ఇంటి వరండాలోకి. ఆఫీసరు వెళ్లిపోయాక మళ్లీ తిరిగి వచ్చేది. దాన్ని మేము తప్పనుకోలేదు. సినిమా హాల్లో సీటు మీద రుమాలు వేసుకున్నట్టు, అదొక అలవాటు.

మా సరుకు వెళ్లేది చేల అవతల ఉన్న ఒక రైతు పశువుల కొట్టంలోకి.

ఆ రైతు గురించి చెప్పాలి. నేను కోస్తా నుంచి వచ్చిన కొత్తలో, అరవైల చివర, ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో నగరమంతా ఆంధ్రావాళ్ల మీద కోపంతో రగిలిపోయింది. బస్సులు ఆగిపోయి నేను షెడ్డులో ఒంటరిగా చిక్కుకుపోయాను. అప్పటికి ఆయనతో నాకు ముఖపరిచయమే. తానే వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. ఎవరో వచ్చి వాకిట్లో ఆరా తీస్తే, "మా చెల్లె కొడుకు. మాటలు రావు, మూగోడు" అని చెప్పి పంపేశాడు. వాళ్లు వెళ్లాక నాతో, "నోరు తెరిస్తివా, అండి అండి అని అప్పుడే దొరికిపోదువు" అని పడీపడీ నవ్వాడు. ఆయన భార్య జొన్నరొట్టె పెట్టి, "నవ్వకుర్రి, పోరడు బెదిరిపోయిండు" అని కసురుకుంది.

అప్పటినుంచి నేను ఆయన్ని బాబాయి గారూ అనీ, ఆమెను పిన్నిగారూ అనీ పిలిచేవాణ్ణి. ఆయనకు ఆ పిలుపు వింత. "బాబాయంటే కాక అన్నట్టేనా? మల్ల గారు ఎందుకురా బిడ్డా, కాకకు గారు తగిలిస్తే ఎవడో సర్కారు గిర్దావర్‌ను పిలిచినట్టుంటది" అనేవాడు. నేను మాత్రం గారు మానలేదు. షెడ్డుకి వెళ్లేముందు వాళ్లింట్లో చల్ల తాగి వెళ్లేవాణ్ణి.

మొదటిసారి డబ్బాలు కొట్టంలో పెట్టమని అడిగినప్పుడు ఆయన, "ఏముంది బిడ్డా వీట్లల్ల?" అన్నాడు.

"సున్నపు రాళ్లు బాబాయి గారూ. మీరు గోడలకు పూస్తారే, అదే" అన్నాను.

కార్బైడు అని చెప్తే భయపడతాడేమో, వద్దంటాడేమో అనుకున్నాను. సున్నమంటే తెలిసిన వస్తువు. ఆయన ఇంకో మాట అడగలేదు. కిరాయి ఇస్తామంటే, "ఛల్, ఇంటి పిలగానితోని కిరాయి తీసుకుంటరా" అన్నాడు. తర్వాత ఎప్పుడు కబురొచ్చినా డబ్బాలు దొర్లించుకుని వెళ్లేవాళ్లం. గడ్డివాము వెనక గోడవారగా నిలబెట్టి, మీద గోనెపట్టాలు కప్పేవాళ్లం.

ఆ వేసవిలో ఫైర్ స్టేషన్‌కి కొత్త ఆఫీసరు వచ్చాడు. నగరం మనిషి. ఆయన చూడటానికి వస్తాడని ముందురోజే కబురంది, ఎక్కువైన సరుకు కొట్టంలోకి చేర్చేశాం. షెడ్డంతా తిరిగి చూసి, యజమాని తెప్పించిన టీ పక్కన పెట్టి, నా వైపు తిరిగాడు.

"చూడు భాయ్, నేను కేసు రాయనీకి రాలే. నాకు ఒక్క ముచ్చట కావాలె. రేపు ఇక్కడ మంట లేస్తే మా పోరగాళ్లు నీళ్లు కొట్టాల్నా, ఇసుక కొట్టాల్నా? గంతే. నువ్వు తప్పు చెప్తే ముందుగాల కాలేది మావోళ్లే."

"ఎంతమాటండీ! ఉన్నవి ఇవేనండి. మీ కళ్లముందే ఉన్నాయి కదండీ" అన్నాడు యజమాని.

ఆఫీసరు ఆయన్ని చూడలేదు. నన్నే చూస్తున్నాడు. "బయట ఎక్కడన్న పెట్టిన్రా?"

"లేదండి" అన్నాను.

ఇసుక బకెట్లు చాలవనీ, సరిచేయించి పెట్టమనీ, మళ్లీ వచ్చి చూస్తాననీ చెప్పి వెళ్లాడు. మళ్లీ వస్తానన్నాడు కాబట్టి డబ్బాలు వెనక్కి తేవద్దన్నాడు యజమాని. కొట్టంలోనే ఉండిపోయాయి. వాటిలో కొన్నిటి మూతలు అంతకుముందే తెరిచినవి. చిల్లరగా తూచి అమ్మడానికి తెరిచి, మళ్లీ చేత్తో నొక్కి మూసినవి. ఆ సంగతి నాకు తెలుసు.

మధ్యలో ఒకరోజు వాన జల్లు పడింది. మర్నాడు నేను చల్లకి వెళ్తే బాబాయి గారు ముక్కు ఎగబీలుస్తూ, "మీ సున్నానికి ఎల్లిగడ్డ వాసనేంది బిడ్డా? బర్రెలు అటు మొకం తిప్పుతలేవు" అన్నాడు.

"ఎల్లిగడ్డ తొక్కు చేసి పెట్టిన్రేమో ఆంధ్రోళ్లు" అంది ఆమె పొయ్యి దగ్గర్నుంచి. ముగ్గురం నవ్వుకున్నాం.

ఆ వాసన ఏమిటో నాకు తెలుసు. తడి తగిలిన కార్బైడు అలాగే వెల్లుల్లి వాసన వేస్తుంది. గోనెపట్టాలు ఎత్తి చూడాల్సింది. ఆ రోజే డబ్బాలు తీసేయాల్సింది. రేపు యజమానితో చెబుదామనుకున్నాను. చల్ల తాగి వెళ్లిపోయాను.

తొలకరికి ముందు చేలల్లో కంప తగలబెట్టడం అక్కడి రివాజు. ఆ మధ్యాహ్నం పక్క చేలో ఎవరో కంపకు నిప్పు పెట్టారు. గాలి తిరిగింది. కొట్టం మీది గడ్డికప్పు అంటుకుంది. నేను పొగ చూసి పరుగెత్తేసరికి బాబాయి గారు బర్రెలను విప్పి తోలేస్తున్నాడు. ఎండాకాలం, బావిలో నీళ్లు అడుగంటాయి. జనం చేదతో తోడి ముందరి గడ్డి మీద నాలుగు బిందెలు పోయగలిగారంతే. వెనక గోడదాకా నీళ్లు చేరలేదు. చేరకపోవడమే మంచిదైందని ఆ క్షణంలో నా మనసులో మెదిలింది. అంటే నీళ్లు చేరితే ఏం జరుగుతుందో నాకు స్పష్టంగా తెలుసన్నమాట.

ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేసింది నేనే. ఫోన్ యజమాని గదిలో ఉంది. పెట్టేసి బయటికి వస్తుంటే ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఏవయ్యా, నోరు జారావంటే ఇద్దరం జైల్లో ఉంటాం. మూతలు బిగించిన డబ్బాలు, వాటికేం కాదు. నీకు పెళ్ళాం పిల్లలు ఉన్నారు, గుర్తుంచుకో."

ఇంజను వచ్చేదాకా రోడ్డు మీద నిలబడ్డాను. దారి చూపిస్తూ ముందు పరుగెత్తాను. ఆ పరుగులో నేను చెప్పాలనే అనుకున్నాను. కొట్టం దగ్గర ఆఫీసరు కిందికి దూకి, పొగలోకి చూస్తూ అడిగాడు.

"లోపల ఏమున్నది?"

యజమాని నా వెనకే ఉన్నాడు. నేను, "గడ్డి" అన్నాను.

"ఉత్త గడ్డేనా?"

తల ఊపాను.

పైపు విప్పారు. సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక కుర్ర ఫైర్‌మన్ దాని మూతి పట్టుకుని ముందుకు నడిచాడు. నీళ్లు కప్పు మీద పడుతున్నాయి. అప్పుడు కొట్టం వెనకనుంచి పిన్నిగారి కేక వినిపించింది. "లోపలికి పోయిండు! డబ్బాల కోసం పోయిండు! జర చూడుర్రయ్యా!"

నేను రోడ్డు మీద ఉన్నప్పుడు బాబాయి గారు వెనక తడిక తోసుకుని లోపలికి వెళ్లాడట. ఎవరో ఆపబోతే, "పరాయి సొమ్ము, మన కొట్టంల పెట్టిపోయిన్రు, కాలిపోతే ఏం జవాబు చెప్పాలె" అన్నాడట. అప్పటికే రెండు డబ్బాలు బయటికి దొర్లించాడు. మూడోదాని కోసం మళ్లీ లోపలికి వెళ్లాడు.

"అటు కొట్టుర్రి, మనిషున్నడు!" అని ఆఫీసరు అరిచాడు. ఆయన్ని కాపాడటానికే నీళ్లన్నీ ఆ మూలకు తిప్పారు. నేను అప్పుడు అరిచాను. "వద్దు, నీళ్లు వద్దు, కార్బైడు" అని గొంతు చించుకుని అరిచాను. ఇంజను మోతలో ఆ కుర్రవాడికి వినిపించలేదు. ఆఫీసరుకి వినిపించింది. ఆయన ముఖం నావైపు తిరగడం చూశాను. అంతలోనే గోడ బయటికి విరుచుకుపడింది. తెల్లటి మంట ఒకటి పక్కకు కొట్టి, పైకి లేచింది. అంత పెద్ద చప్పుడు కూడా రాలేదు. పెద్ద పరదా ఒక్కసారిగా చింపినట్టు అనిపించింది.

కుర్ర ఫైర్‌మన్ చేతులు మోచేతులదాకా కాలాయి. బాబాయి గారిని ఇసుక చల్లుకుంటూ వెళ్లి బయటికి తెచ్చారు. ఊపిరి ఉంది.

దవాఖానలో ఆయన్ని అరటాకుల మీద పడుకోబెట్టారు. మర్నాడు వెళ్లాను. పిన్నిగారు నీళ్లు తేవడానికి వెళ్లింది. నేను మంచం పక్కన నిలబడితే కళ్లు తెరిచి గుర్తుపట్టాడు.

"డబ్బాలు దక్కినయా బిడ్డా?"

అప్పటిదాకా బిగబట్టి ఉంచుకున్నది ఆగలేదు. "అది సున్నం కాదు బాబాయి గారూ. నీళ్లు తగిలితే మండే రాయి. నాకు తెలుసు. తెలిసే మీకు చెప్పలేదు" అన్నాను.

ఆయన నా ముఖంలోకే చూశాడు. అర్థం కాలేదేమో అనుకున్నాను. తర్వాత మెల్లగా అన్నాడు. "నాకు చెప్తే నేను వద్దంటుంటినా? గడ్డికి జర దూరంగ పెట్టుకుందుము గద."

మర్నాడు తెల్లవారుజామున పోయాడు. ఆయన నన్ను తిట్టలేదు. ఆ మాట గురించి ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను. తిట్టి ఉంటే నేను ఎక్కడో ఒకచోట ఆ తిట్టుతో లెక్క సరిపెట్టుకునేవాణ్ణి. నిజం చెప్పి అడిగి ఉంటే చోటు ఇచ్చేవాడు. జాగ్రత్త కూడా తనే పడేవాడు. నేను చెప్పి చూడకుండానే ఆయన వద్దంటాడని అనుకున్నాను.

యజమాని షెడ్డులో నన్ను కూర్చోబెట్టి ఏం చెప్పాలో చెప్పాడు. ఆ రైతు కొట్టంలో కిరసనాయిలు పీపా దాచుకున్నాడనీ, అది పేలిందనీ చెప్పాలట. "చచ్చిపోయినవాడి మీద కేసేం ఉంటుందయ్యా? వాడికి పోయేదేం లేదు. మనకు బతుకు పోతుంది." ఆ మాట అప్పటికే ఊళ్లోకి పాకింది. ముసలాయన కిరసనాయిలు దాచి కొట్టాన్నే కాల్చుకున్నాడనీ, పాపం ఫైర్ పిలగాని చేతులు కూడా కాల్చాడనీ బస్సు దగ్గర చెప్పుకోవడం నేను విన్నాను. ఆ మాట పిన్నిగారి చెవిన కూడా పడింది.

దినాల రోజు వాళ్ల ఇంటి ముందు చుట్టాలూ ఊరివాళ్లూ కూర్చుని ఉన్నారు. నేను వెళ్లి వాళ్ల మధ్య నిలబడ్డాను. కిరసనాయిలు లేదనీ, ఆ డబ్బాలు మావనీ, అవి ఏమిటో ఆయనకు అబద్ధం చెప్పిందీ, ఫైర్ వాళ్లకు అబద్ధం చెప్పిందీ నేనేననీ చెప్పాను. ఆయన తమ్ముడు లేచి వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. ఇద్దరు ఆపారు. ఆపకపోయినా నేను కదిలేవాణ్ణి కాదు.

పిన్నిగారు గడప మీద కూర్చుని అంతా విన్నది. "గీ మాట గాయిన బతికున్నప్పుడు చెప్పకపోతివి" అన్నది. లేచి లోపలికి వెళ్లింది. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా నాతో మాట్లాడలేదు. కొట్టం మళ్లీ కడుతుంటే మట్టి తొక్కడానికి వెళ్లాను. వద్దనలేదు, రమ్మనలేదు. మిగతా వాళ్లందరికీ చల్ల ఇచ్చింది. నా దగ్గరికి వచ్చేసరికి చెంబు కింద పెట్టి వెళ్లిపోయింది. ఆ చెంబు ముట్టుకోవడానికి నాకు చేతులు రాలేదు.

దినాల మర్నాడే ఫైర్ స్టేషన్‌కి వెళ్లాను. ఉద్యోగం అప్పటికే పోయింది. ఆఫీసరు బల్ల దగ్గర ఉన్నాడు. పక్కన బెంచీ మీద ఆ కుర్ర ఫైర్‌మన్, రెండు చేతులకూ కట్లు. ఇంకొకతను గ్లాసు పట్టుకుని అతనికి టీ తాగిస్తున్నాడు. నేను జరిగింది మొదటినుంచి చెప్పాను. పోలీసుల ముందూ ఇదే చెప్తానన్నాను. కుర్రవాడు నావైపు చూడకుండా గ్లాసు వైపే చూస్తూ ఉన్నాడు.

ఆఫీసరు అంతా విని, "చెప్తవు, సరే. దానితోని ముసలాయన లేసొస్తడా? వీని చేతులు మంచిగైతయా?" అన్నాడు.

"నేను ఇంకేం చేయగలనండీ?"

"ఈ రోడ్డు మీద ఇంకెన్ని కొట్టాలల్ల ఉన్నది గీ సరుకు?"

నాకు తెలుసు. ప్రతిచోటా దింపింది నేనే. ఎవరు పిండిగిర్నీలో దాస్తారో, ఎవరు వంటింటి వెనక దాస్తారో, ఎవరు పిల్లలు పడుకునే గది కింద పెడతారో అన్నీ తెలుసు. వాళ్లంతా నాతో కలిసి తిన్నవాళ్లే. పెళ్లిళ్లకు పిలిచినవాళ్లే. ఇన్నాళ్లూ ఆ నమ్మకం మీదే మా అందరి వ్యాపారం నడిచింది.

"చూపిస్తానండి" అన్నాను.

మరుసటి ఉదయం జీపులో ఆయన పక్కన కూర్చున్నాను. బాలానగర్‌లో మొదటి దుకాణం ముందు ఆగాం. ఆ దుకాణదారు జీపు చూసి కంగారుపడ్డాడు, నన్ను చూసి కుదుటపడ్డాడు. "రా అన్నా, కూసో. సారుకు చెప్పు, మన దగ్గర లెక్క ప్రకారమే ఉంటదని" అన్నాడు.

ఆఫీసరు నావైపు చూశాడు.

"నీళ్లు కొట్టొద్దండి, ఇసుకే" అన్నాను. "వంటింటి వెనక, కట్టెల చాటున ఉన్నాయి. మూతలు తీసినవి కూడా ఉంటాయి. పైన వీళ్ల అమ్మ పడుకుంటుంది."

దుకాణదారు నా ముఖంలోకి చూస్తూ, "నువ్వు గూడనా అన్నా?" అన్నాడు. తర్వాత పక్కకు తిరిగి ఉమ్మాడు. నేను ఆయన్ని దాటి లోపలికి నడిచి, కట్టెలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టాను. వెనక ఆఫీసరు తన మనుషులను పిలిచి, ఆ మూల ఎక్కడుందో, ఇసుక ఎటునుంచి మోయాలో కళ్లారా చూసుకోమని చెప్తున్నాడు. ఆ రోజు పొద్దుగూకేసరికి మేము కూకట్‌పల్లి దాకా వచ్చాం. మియాపూర్, పటాన్‌చెరు వైపు మిగిలిపోయాయి. తెల్లవారగానే మళ్లీ వెళ్లి ఫైర్ స్టేషన్ ముందు నిలబడ్డాను.